లేని గ్రంథిని నొక్కమన్నారు

కాళ్ళు పట్టి బతికేదాన్ని నేను. ఎవరి కాళ్ళావేళ్ళా పడేదాన్ని మాత్రం కాదు. బేరూత్‌లో, ఫుర్న్ ఎల్ షెబ్బాక్ పేటలో హియామ్ ఎక్కడుంటుందని అడిగితే రొట్టెల కొట్టువాడు కూడా జోస్లిన్ గారి పాదచికిత్స కేంద్రం చూపిస్తాడు. కేంద్రం జోస్లిన్‌ది, చేతులు నావి.

ఆ హాలు గోడ మీద ఉన్న పెద్ద పాదం బొమ్మ నేను వేసిందే. ఏడు రంగులు, ఏడు చక్రాలు. బొటనవేలి కొసన సహస్రారం, దానికి పీనియల్ గ్రంథి. వేలి మెత్తన ఆజ్ఞ, పిట్యూటరీ. వేలి మొదలంటే పాదానికి మెడ, అక్కడ విశుద్ధం, థైరాయిడ్. దాని కింద ఉబ్బెత్తు కండలో అనాహతం, థైమస్. వంపులో మణిపూరకం, క్లోమం. చీలమండ పక్కన స్వాధిష్ఠానం, అండాశయాలు. మడమలో మూలాధారం. మూలాధారానికి అడ్రినల్ గ్రంథి అంటారు గానీ ఆ గ్రంథి బిందువేమో వంపులో ఉంటుంది. ఈ ఒక్క చిక్కు మీద మా పాదాల వాళ్ళం ఇప్పటికీ జుట్లు పట్టుకుంటూనే ఉంటాం.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకు ఈ విద్య అంటే ప్రాణం. పాదం చేతిలోకి తీసుకున్న కాసేపటికే మనిషి భుజాలు దిగుతాయి, ఊపిరి నిదానిస్తుంది. బాంబుల మోతకి నిద్ర మరిచిపోయిన ఆడవాళ్ళు నా ముందు గురక పెట్టారు. అందుకే ఈ విద్య పేరు పెట్టుకుని ఎవరైనా అబద్ధం ఆడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

విదాద్ సంగతి చెప్తాను. మా పేటలో పెళ్ళంటే విదాద్ ఉండాల్సిందే. పెళ్ళికూతురు గడప దాటగానే నాలుక ఆడిస్తూ అది తీసే సంబరపు కేకకి నాలుగు వీధుల అవతల కిటికీలు తెరుచుకునేవి. కొన్నేళ్ళ కింద గొంతులో గడ్డ వచ్చి, డాక్టర్లు థైరాయిడ్ మొత్తం తీసేశారు. మెడ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. గ్రంథి చేసే పని అప్పట్నించీ పొద్దున్నే వేసుకునే మాత్ర చేస్తోంది.

ఆ ఎండాకాలం ఊళ్ళో మందులు మాయమయ్యాయి. షాపుల్లో అరలు ఖాళీ, కొన్నిటికి తాళాలు. విదేశం నుంచి ఎవరు దిగుతున్నా అత్తరు తెచ్చావా అని అడిగేవాళ్ళు లేరు, మాత్రలు తెచ్చావా అనే అడిగేవారు.

ఒకరోజు విదాద్ కేంద్రం మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కూర్చుంది. మొహం ఉబ్బింది. గొంతు బొంగురు. మాట మాటకీ మధ్య ఆలోచిస్తోంది.

"మాత్రలు దొరికాయా?" అన్నాను.

"ఉన్నవాటిని సగం చేసుకున్నానక్కా. తర్వాత పావు. ఇప్పుడు మానేశా."

"అయిపోయాయా?"

"ఇంకో నాలుగు ముక్కలు ఉండేవి. మదామ్ పారెయ్యమంది. మాత్ర వేసుకుంటే విశుద్ధ చక్రం బద్ధకిస్తుందట. మానేస్తే అదే లేచి పని చేస్తుందట. పారేశా."

నా ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వంటగదిలోకి వెళ్ళాను. జోస్లిన్ ఏలకుల కాఫీ పొంగకుండా చూస్తూ నిలబడింది. పదిమందిలో మదామ్ అంటాను గానీ, ఇద్దరమే ఉన్నప్పుడు పేరే.

"జోస్లిన్, ఆ పిల్లకి గ్రంథే లేదు. తెలుసు కదా నీకు?"

"గ్రంథి ఒంట్లోది, హియామ్. శక్తిదేహంలో దాని నీడ ఉంటుంది. ఆ నీడని పిలిస్తే చాలు."

"ఎవరూ లేని ఇంటి తలుపు ఎంతసేపు కొడితే మాత్రం ఎవరొచ్చి తీస్తారు?"

"నీకు చక్రాల మీద నమ్మకం పోయినట్టుంది."

"చక్రాల మీద ఉంది. నీ మీదే పోతోంది."

ఆమె కాఫీ దించింది. "ఊళ్ళో మందు లేదే. నేనేం చెయ్యను? వచ్చిన మనిషికి ఏదో ఒక ఆశ ఇచ్చి పంపకపోతే ఎలా?"

"ఆశ ఇవ్వు, ఎవరొద్దన్నారు? చేతిలో ఉన్న మందు పారెయ్యమని చెప్పకు."

"శనివారం ప్రదర్శన. కొత్త కోర్సు గురించి నేను మాట్లాడతాను, నువ్వు విదాద్ పాదం పట్టు. మాత్ర అక్కర్లేదని దాని నోటితోనే చెప్పిస్తాను. ఇష్టం లేకపోతే ఇంకొకరు పడతారు."

ఇంకొకరి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. పడతానన్నాను. ఆ రెండు రోజులూ విదాద్ కోసం నేను తిరగని మందుల షాపు లేదు. ఎక్కడ అడిగినా లేదనే మాటే. ఇంట్లో వంట కూడా సరిగ్గా చెయ్యలేదు, ఆ ఉబ్బిన మొహమే కళ్ళ ముందు మెదిలింది.

శనివారం హాలు నిండిపోయింది. ఆడవాళ్ళు గోడల వెంబడి పరుపులేసుకుని, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, తలకింద సంచులు పెట్టుకుని పడుకున్నారు. మధ్యలో ఎత్తు కుర్చీలో విదాద్. ఇంతలో జనరేటర్ ఆగిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఆగస్టు ఉక్కకి అందరూ చేతికి దొరికినదానితో విసురుకుంటున్నారు.

"అక్కా, శాలువా ఏమైనా ఉందా? చలేస్తోంది," అంది విదాద్.

శాలువా కప్పి, కుడి పాదం ఒళ్ళోకి తీసుకున్నాను. మడమ నుంచి మొదలుపెట్టాను.

జోస్లిన్ మంచి మాటకారి. గోడ మీద నా బొమ్మ వైపు చెయ్యి చూపిస్తూ ఒక్కో చక్రాన్నీ, దాని గ్రంథినీ, ఆ గ్రంథి వదిలే హార్మోన్నీ పాటలా చెప్పుకుపోయింది. నా వేళ్ళు ఆమె మాట వెంట పాదం మీద పైకి ఎక్కాయి. వంపు దాటాయి. కండ దాటాయి.

"ఇప్పుడు విశుద్ధం," అంది. "హియామ్ వేలి మొదట్లో నొక్కుతుంది. థైరాయిడ్ మేలుకుంటుంది. విదాద్, ఇక నీకు మాత్రతో పనేముందో చెప్పు!"

నేను చేతులు తీసేశాను.

"నొక్కు, హియామ్."

"ఏ గ్రంథిని నొక్కమంటారు మదామ్?"

"అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. శాలువా కాస్త కిందికి జరిపితే మెడ మీద కోత కూడా చూస్తారు. ఈ పిల్లకి అక్కడ గ్రంథి లేదు. తీసేశారు. లేనిదాన్ని నేను లేపలేను, మీరూ లేపలేరు. మాత్ర మానేసిన మనిషి మన కళ్ళ ముందే ఆరిపోతోంది. ఆగస్టులో చలి అంటోంది, వినపడలేదా ఎవరికీ?"

జోస్లిన్ మొహం ఎర్రబడింది. "నిర్ణయం విదాద్‌ది. నీకు ఏది నమ్మకం, తల్లీ?"

విదాద్ మాట కూడదీసుకుంది.

"నమ్మకమా? మందెక్కడుంది మదామ్? ఉంటే మింగనా? నా తమ్ముడు ఉత్తరాన మన ట్రిపోలీ దాకా వెళ్ళి తిరిగాడు. ఏదీ దొరకలేదు కాబట్టి మిమ్మల్ని నమ్మాను. లేకపోతే నాకేమన్నా పిచ్చా?" అంటూ ఏడ్చేసింది. ఆ బొంగురు గొంతుతో ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియదు. లేచి నిలబడి అరిచాను. "ఏమమ్మా, ఇంతమంది ఉన్నారు! మీలో థైరాయిడ్ జబ్బు ఎవరికి లేదు? సంచులు తలకింద పెట్టుకుని పడుకోవడమేనా? తెరవండి!"

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత మూల పరుపు మీద నుంచి సిల్వా లేచింది. బుర్జ్ హమ్ముద్ పేటలో మందుల షాపులో ఏళ్ళ తరబడి పని చేసిన ఆర్మేనియన్ మనిషి. తన సంచి బోర్లించి, దువ్వెనా, తాళాలూ, సిగరెట్లూ పక్కకి నెట్టి, ఒక మాత్రల అట్ట తీసింది. "నాది యాభై. నీ మోతాదెంత విదాద్?"

"వంద."

"మా అత్తగారిది వంద!" అని ఇంకెవరో అరిచారు. "ముసలావిడ నాకు తెలీకుండా దాచుకుంటోంది, నేను ఆవిడకి తెలీకుండా మోసుకు తిరుగుతున్నా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో జిప్పులన్నీ తెరుచుకున్నాయి. మా ఊరి ఆడదాని సంచిలో ఇంటిల్లిపాదికీ మందుంటుంది, ఆ కరువులో మరీను. గోళ్ళ కత్తెరతో అట్టలు కత్తిరించి నేను కాళ్ళు తుడిచే తువ్వాలులో వేశారు. సిల్వా ఒక్కోటీ వెలుగుకి పట్టి తేదీ చూసి, వందలు ఒక పక్కకీ, యాభైలు ఒక పక్కకీ సర్దింది. "ఇన్నాళ్ళు ఆపావు. ముందు నీ డాక్టరుకి ఫోన్ చెయ్యి, ఎంతతో మొదలెట్టాలో ఆయన చెప్తాడు," అంది.

విదాద్ అక్కడే ఫోన్ చేసింది. డాక్టరు గొంతు హాలంతా వినపడేలా తిట్టాడు. తిట్టడం అయ్యాక మోతాదు చెప్పాడు.

"నాకు దానం వద్దక్కా," అంది విదాద్ తువ్వాలు చూస్తూ.

"నోర్ముయ్. నా కూతురి పెళ్ళికి నువ్వు కేకెయ్యాలి. దానం ఎవరిచ్చారు నీకు?" అంది సిల్వా.

అప్పుడు జోస్లిన్ చప్పట్లు కొట్టింది. "చాలు. హియామ్, రేపట్నించి రానక్కర్లేదు. ప్రదర్శన అయిపోయింది. అందరూ చెప్పులేసుకుని బయల్దేరండి."

"రాను లెండి," అన్నాను. "కానీ ఎడమ పాదం మిగిలిపోయింది. ఒక కాలు పట్టి రెండోది వదిలేసి మనిషిని లేపడం మా విద్యలో లేదు." కూర్చున్నాను.

గుమ్మం వైపు ఎవరూ నడవలేదు. సిల్వా తన పరుపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ పడుకుంది. పడుకుని, అరికాళ్ళు రెండూ జోస్లిన్ వైపు తిప్పింది. మా దగ్గర మనిషికి అరికాలు చూపించడం కంటే పెద్ద తిట్టు లేదు. పక్కావిడ కూడా పడుకుంది. తర్వాత అత్తగారి మాత్రలావిడ. ఒక్కొక్కరే తిరిగి పడుకున్నారు. జోస్లిన్ ఎటు తిరిగితే అటు అరికాళ్ళే.

విదాద్ మాత్ర నాలుక మీద పెట్టుకుని నీళ్ళతో మింగింది. తర్వాత శాలువా సర్దుకుని ఎడమ పాదం తనే నా ఒళ్ళో పెట్టింది.

"ఇది దేనికక్కా?"

"నీకు హాయిగా ఉండడానికి," అన్నాను. "అంతకుమించి నా నోటితో ఎవరూ అనిపించలేరు."

"అయితే గట్టిగా నొక్కు," అంది.