ఖాళీ టైలు

యూనివర్సిటీ గోడ తార్నాక వైపు మలుపు తిరిగే చోట పోచమ్మ జొన్నరొట్టెల బండి ఉంటుంది. సాయంత్రమైతే కోచింగ్ సెంటర్ల పిల్లలు వేడి రొట్టె కోసం బండి చుట్టూ మూగేవారు. ఈ వేసవిలో మూగడం మానేశారు. బస్సు దిగినవాడు, బైకు ఆపినవాడు, ఆటో నడిపేవాడు, అందరికీ ఆ వెనక గోడకే మూత్రం పోయడం అలవాటైపోయింది. ఆ వాసనలో ఎవరు తింటారు?

"ఇట్లనే ఉంటే బండి తీసేసుడే బిడ్డా," అంది పోచమ్మ నాతో. "ఇంకో జాగ ఏడ దొరుకుతది? చెట్టు చెట్టుకూ ఒకడు బండి పెట్టిండు."

నగరంలో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న టైలు తెచ్చి గోడకు అతికించింది. ఆ మేరకు గోడ ఆరింది.

దాన్ని అరుంధతి మేడమ్ చూశారు. మేడమ్ మా యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అప్పటి నుంచి లౌకికవాదం, మైనారిటీల హక్కులు అంటూ ధర్నాలకూ కోర్టులకూ తిరుగుతున్నారు. పీహెచ్‌డీ ఆమె దగ్గరే మొదలుపెట్టాను కాబట్టి, బ్యానరుకు రెండో కొస పట్టుకునేది నేనే.

"సర్కారు గోడ మీద ఒక్క మతం దేవుడేనా పోచమ్మా?" అన్నారు మేడమ్.

"అయితే పీకెయ్యమంటవా మేడమ్?"

ముక్కు మూసుకుని పోతున్న అమ్మాయిల వైపు మేడమ్ చూశారు. "వద్దులే. మిగతావాళ్లకూ చోటిద్దాం."

శిలువ వచ్చింది. నెలవంక వచ్చింది. సిక్కులు, బౌద్ధులు, జైనులు వచ్చారు. అన్నీ ఒకే సైజులో, ఒకే ఎత్తులో ఉండాలని మేడమ్ టేపు పెట్టి కొలిపించారు. నెలవంక కాస్త కిందికి ఉందని ఒక పెద్దాయన అడిగితే, దాన్ని పీకి మళ్లీ అతికించాం.

"మా ఎల్లమ్మ ఏ మతం కింద వస్తది మేడమ్?" అని పోచమ్మ అడిగింది. మేడమ్ చాలాసేపు ఆలోచించి ఎల్లమ్మకు విడిగా ఒక టైలు ఇచ్చారు.

చివర్లో కొంచెం చోటు మిగిలింది. అక్కడ ఆంజనేయుణ్ని పెడదామంది పోచమ్మ. మేడమ్ ఒప్పుకోలేదు.

"అది దేవుణ్ని నమ్మనివాళ్లది. ఈ దేశంలో అందరికంటే చిన్న మైనారిటీ మేమే. మాకూ ఇంత చోటుండాలి కదా?"

అక్కడ బొమ్మ లేని తెల్లటైలు అతికించారు.

అంతకు ముందు గోడ పొడుగునా చెదిరి నిలబడే మగవాళ్లందరూ ఇప్పుడు ఆ ఒక్క టైలు దగ్గరికే చేరారు. రద్దీ వేళ వరస కూడా కట్టారు. వాసన రెట్టింపైంది.

"మీ దేవునికి బలం లేదు మేడమ్," అంది పోచమ్మ.

"మాకు దేవుడే లేడు పోచమ్మా."

"గదే చెప్తున్న."

మేడమ్ నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. నాస్తికుల మనోభావాలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు ఇచ్చారు. ఎస్సై ఓబులేసు కడప మనిషి. శ్రద్ధగానే విన్నాడు.

"ఆ టైలు మీద ఏముండాది మేడమ్?"

"ఏమీ లేదు."

"మరి దేన్ని అవమానించినారు?"

"ఆ ఏమీ లేకపోవడాన్నే."

అతను పెన్ను కింద పెట్టి, మాకు టీ చెప్పాడు. "ఏదో ఒక బొమ్మ గీయించండి మేడమ్. ఎవరిదైనా సరే. అప్పుడు కేసు గట్టిగా నిలబడ్తాది."

మర్నాడు మేడమ్ ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, తెల్లటైలుకు వీపు ఆనించి కూర్చున్నారు. రాజ్యాంగం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టారు. బైకు ఆపిన మగవాళ్లు ఆమెను చూసి, ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు నటించి వెళ్లిపోయేవారు. రోజూ సాయంత్రం ఇదే. గోడ ఆరసాగింది. ఒకరిద్దరు పిల్లలు రొట్టె తింటూ ప్రాథమిక హక్కులు వినేవారు.

అంతలో మేడమ్‌కు ఎండదెబ్బ తగిలింది. కుర్చీని అక్కడే వదిలేసి, విద్యానగర్‌లో ఇంటిపట్టున ఉండిపోయారు. "గోడ సంగతి చూడు అమలా," అని నాకు ఫోన్లు చేసేవారు. నాకు సెమినారు పనులుండి వెళ్లలేకపోయాను. జ్వరం తగ్గగానే ఇద్దరం కలిసి వెళ్లాం.

కుర్చీకి పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్లున్నాయి. వీపు మీద బంతిపూల దండ, పక్కన నేల మీద అరటిపండులో గుచ్చిన అగరుబత్తి. వాసన లేదు. బండి చుట్టూ జనం. కుర్చీ ముందు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు యూనిఫాంలో ఒకాయన చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడు.

"ఎవరు పెట్టిన్రో తెల్వదు మేడమ్," అంది పోచమ్మ. "గప్పటి సంది ఒక్కడు గోడ తడపలే. పిండి సాలుతలేదు."

మేడమ్ బండి మీది తడిగుడ్డ అందుకున్నారు. పోచమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"తుడిస్తే మళ్ల గోడ కాడికొస్తరు మేడమ్. నీకు సిద్ధాంతమున్నది. నాకు గీ బండే ఉన్నది."

ఎంత పెద్ద అధికారి ముందైనా తడుముకోని మేడమ్ అప్పుడు నా వైపు చూశారు. ఆమె గుడ్డను తిరిగి బండి మీద పెట్టి, పసుపు కుంకుమల మీదే కుర్చీలో కూర్చున్నారు.

రైల్వే ఆయన కళ్లు తెరిచి ఉలిక్కిపడ్డాడు.

"నేను రిటైర్డ్ ప్రొఫెసర్‌ని. చెప్పులేసుకోండి."

అతను వెంటనే వేసుకున్నాడు. "అమ్మా, మా కొడుకు గ్రూప్ టూ రాస్తున్నడు. నువ్వే సూడాలె."

"ఏ సబ్జెక్టులో వెనకబడ్డాడు?"

"పాలిటీ అమ్మా."

"రేపు పంపండి. పుస్తకం తెచ్చుకోమనండి."

అతను వీపు చూపకుండా వెనక్కి నడిచి వెళ్లాడు. అప్పటికే వెనక మరికొందరు నిలబడ్డారు. "రొట్టె తిన్నంకనే దర్శనం!" అని కేకేసింది పోచమ్మ.

"దర్శనం అనొద్దు పోచమ్మా."

"మరేమనాలె?"

"ట్యూషన్ అను."

"ట్యూషన్!" అని అరిచింది పోచమ్మ, రొట్టె తిప్పుతూ. "అందరు చెప్పులేసుకోండ్రి!"

వరసలో ఉన్నవాళ్లు వంగి చెప్పులు వేసుకున్నారు. మేడమ్ రాజ్యాంగం తెరిచారు. వీపు వెనక బంతిపూల దండను మాత్రం తీయలేదు.