నాలుగో అంతస్తు నుంచి దిగిన బీపీ మిషన్

మోకాళ్లు అరిగిపోయి, ఇన్సాఫ్ పెద్దమ్మ మూడేళ్లుగా కైరోలోని తన నాలుగో అంతస్తు ఇల్లు దిగలేదు. కాళ్లు ఆగాయి గాని, నోరు వీధంతా తిరుగుతూనే ఉంది. ఏం కావాలన్నా బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట వదిలి తెప్పించుకుంటుంది. వారానికోసారి ఆమె బీపీ చూసే నర్సును నేను. ఆ మంగళవారం నూట డెబ్బై ఎనిమిది వచ్చింది.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా. నీ మొహం చూశాకే పెరిగింది."

అంటూనే కింద ఊరగాయల కొట్టుకి బుట్ట వదిలింది. ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయలంటే ఆమెకు ప్రాణం. బుట్ట ఖాళీగా తిరిగొచ్చింది.

"ఏమయ్యా బయూమీ, చేతులు పడిపోయాయా?"

"నీ కూతురు అమ్మొద్దంది అక్కా!" కొట్టు ముందు కుర్చీలోంచి అరిచాడు బయూమీ. తుంటి విరిగినప్పటి నుంచి అతనూ ఆ కుర్చీ వదలడు. "అయినా నా ఊరగాయ తింటే ఏ రోగమూ రాదు. యాభై ఏళ్లుగా తింటున్నా. నా రక్తం కొత్త పెళ్లికొడుకుదిలా ఉంది!"

"చూద్దాం పట్టు, పెళ్లికొడకా!"

నేను వారించేలోపే నా మిషన్ బుట్టలో పడి కిందికి దిగిపోయింది. ఇక చేసేదేముంది, పైనుంచే చెప్పాను: వీపు ఆనించి కూర్చో, అయిదు నిమిషాలు ఆగు, మాట్లాడకు. ఆ చివరిదే అతనికి ప్రాణసంకటమైంది.

"రెండొందల పద్నాలుగు," అని చదివాడు. మళ్లీ చూస్తే రెండొందల పది.

"మిషన్ చెడిపోయింది," అన్నాడు.

"తలనొప్పి ఉందా?" అని అడిగాను.

"వారం నుంచీ పగిలిపోతోంది. హారన్ల మోతకనుకున్నా."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "పిల్లా, దిగు! ముందు వాణ్ని తీసుకెళ్లు. వాడు పోతే నేనెవర్ని తిట్టుకోవాలి?"

దారంతా సణుగుతున్న బయూమీని ఆటోలో ఆసుపత్రికి చేర్చాను. సాయంత్రం దాకా ఉంచుకుని, మాత్రలిచ్చి పంపారు.

ఇది జరిగి రెండు నెలలు. కుర్చీలో కూర్చునే కాళ్లు చాపి ఎత్తే వ్యాయామం ఇద్దరికీ నేర్పాను. పైన ఆమె, కింద అతను లెక్కపెడుతూ, దొంగలెక్కని ఒకరినొకరు తిట్టుకుంటూ చేస్తారు. కిందటి వారం ఆమెకు నూట నలభై ఆరు, అతనికి నూట యాభై రెండు. ఎన్నికల్లో గెలిచినట్టు ఆమె ఆ సంగతి వీధికంతటికీ చాటింది.

బయూమీ ఇప్పుడామెకు ఉప్పు లేకుండా, వెనిగర్, వెల్లుల్లి వేసి దోసకాయలు విడిగా ఊరబెడుతున్నాడు.

"ఇది తిండా, జైలు శిక్షా?" అంటుంది పెద్దమ్మ, మూడోది నోట్లో పెట్టుకుంటూ.