మైకు ఆపడం మర్చిపోయిన గొంతు

పొద్దున్నే బిస్మిల్లా అనుకుని ఇంటి ముందున్న పరుపుల కొట్టు తలుపులు తియ్యడం, దూది ఏకే మిషను స్విచ్చి వెయ్యడం, మీసాల మీద దూది పేరుకునేదాకా వంచిన నడుం ఎత్తకుండా పని చెయ్యడం, మధ్యమధ్యలో మిషను ఆపి స్టేషన్లోంచి వచ్చే గొంతు కోసం చెవులు రిక్కించడం. కొండపల్లిలో దూదేకుల నాగూరు దినచర్య ఇది. మొదటి మూడూ వాళ్ళ నాన్న నేర్పాడు. నాలుగోది అనుమానం నేర్పింది.

ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి. అప్పటికి ఆ స్టేషన్లో అనౌన్సరు అనే ఉద్యోగమే లేదు. బండి వస్తోందంటే గంట కొట్టేవాళ్ళు, అంతే. తొంభై ఆరులో, తుఫాను వెళ్ళిపోయిన తర్వాత ఓ ఉదయం, ప్లాట్‌ఫారం మీది లౌడుస్పీకరు ఉన్నట్టుండి గొంతు సవరించుకుని, "దయచేసి వినండి. విజయవాడ వెళ్ళు ప్యాసింజరు పావుగంట ఆలస్యముగా వచ్చుచున్నది" అంది. బండి సరిగ్గా అలాగే వచ్చింది. మేడ మీద వాడకుండా పడున్న మైకు గదిలోకి వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. స్టేషన్ మాస్టరు అబ్రహాము గారు మర్యాద తెలిసిన మనిషి. ఆ గదిలో ఒక కుర్చీ వేయించి, టేబుల్ ఫ్యాను పెట్టించి, తలుపు దగ్గరగా వేసి తన పని తాను చూసుకున్నాడు. ఊరు కూడా అంతే. థర్మల్ స్టేషన్లో షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు ఆ గొంతు వినే క్యారేజీలు సర్దుకునేవాళ్ళు. బొమ్మలు చేసేవాళ్ళు ఆ గొంతు వినే రంగులు కలపడం మొదలుపెట్టేవాళ్ళు.

అది ఎవరి గొంతో కనిపెట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేకపోయింది. నాగూరు కూతురు గౌసియాది. కాకపోతే అప్పుడు పదో తరగతి చదువుతున్న గౌసియాది కాదు, ఇంకా చాలా ఏళ్ళు గడిచాక, ఒళ్ళూ గొంతూ నిండిన గౌసియాది. అంతకు ముందేడు రాజ్యలక్ష్మి టీచరు పెద్దయ్యాక ఏమవుతారని క్లాసులో అడిగితే, తక్కినవాళ్ళందరూ డాక్టరూ ఇంజినీరూ అని పాఠం అప్పజెప్పారు. ఈ పిల్ల మాత్రం లేచి రైల్వే స్టేషన్లో అనౌన్సరు అవుతానంది. ఎందుకే అంటే, ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు నా మాట వినాలి కదా టీచర్ అంది. అప్పట్నుంచి స్టీలు గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని ఇల్లంతా బళ్ళు నడిపేది. అన్నం ఉడకడం ఆలస్యమైతే అన్నం కూడా వచ్చుచున్నదే. ఆ 'వచ్చుచున్నది' దగ్గర చిన్న సాగదీత, దూది ధూళికి ఎప్పుడూ దిబ్బడేసి ఉండే ముక్కు, లౌడుస్పీకర్లో గొంతుకీ అవే.

పక్కింట్లో అంబారీ ఏనుగులు చెక్కే బసవపున్నయ్య, నీకేంటయ్యా నాగూరూ, ఉద్యోగం రాకముందే మీ అమ్మాయి డ్యూటీ ఎక్కేసింది అని మెచ్చుకున్నాడు. నాగూరు మురిసిపోయాడు. తండ్రన్నాక మురవడా మరి!

ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. గౌసియాకి ఒక పాడు అలవాటుంది. ఏది మొదలుపెట్టినా చివర్న కట్టెయ్యడం మర్చిపోతుంది. పంపు కట్టదు, ఫ్యాను ఆపదు, బీరువా తలుపు వెయ్యదు. పెద్దయ్యాక కూడా ఆ బుద్ధి మారలేదని ఓ మధ్యాహ్నం ఊరందరికీ తెలిసింది. భద్రాచలం ప్యాసింజరు సంగతి చెప్పడం అయిపోయాక మైకు ఆగలేదు. చిన్నగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు, ఆ గొంతు అంది:

"ఇవాళ టీలో అల్లం ఎక్కువేశావు."

నాగూరు చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. వేశావట! ఎవడు వేశాడు? ఆ గదిలో ఇంకెవరున్నారు?

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రోజు నుంచి అది నాగూరు కంచంలో కూర్చుంది, పరుపులో దూరింది. భార్య మస్తాన్‌బీతో చెప్తే ఆవిడ తేలిగ్గా తీసేసింది. మొగుడై ఉంటాడులే, టీ ఇచ్చే మొగుడు దొరికితే అదృష్టమే కదా అంది.

"మొగుణ్ణి 'నువ్వు' అంటుందా? నువ్వు నన్ను ఏనాడైనా అలా అన్నావా?"

"మనసులో అంటూనే ఉన్నాను" అని మస్తాన్‌బీ చేటలో బియ్యం ఏరుకుంది.

నాగూరికి నవ్వు రాలేదు. మొగుడైతే పెళ్ళి ఎవరు చేశారు? పరాయివాడైతే ఊరందరికీ వినపడేట్టు ఈ సరసమేంటి? పని మానుకుని స్పీకరు కింద నిలబడటం మొదలుపెట్టాడు. గొంతు అప్పుడప్పుడూ మైకు మర్చిపోయేది. ఒకసారి, కిటికీ దగ్గర కూర్చో, గాలొస్తుంది అంది. ఇంకోసారి, కండువా ఆ మేక్కి తగిలించు అంది. మరోసారి ఏమీ అనలేదు, ఊరికే నవ్వింది. ఆ అవతలివాడు మాత్రం మహా గట్టివాడు, పెదవి విప్పితే ఒట్టు. దొంగవాడు కాకపోతే నోరు మూసుకుని కూర్చోవడమెందుకు అని నాగూరు లెక్క.

ముందుగా మైకు సెట్లు అద్దెకిచ్చే ఆమోసు మీద పడ్డాడు. స్కూలు వార్షికోత్సవంలో గౌసియా చేతికి మైకిచ్చింది వాడే. కొట్టు ముందు నిలబడి, నీకు అల్లం టీ పెట్టడం వచ్చా అని అడిగాడు. ఆమోసుకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నొచ్చుకోకుండా, నాకు నీళ్ళు కాచడం కూడా రాదు నాగూరు మామా, మా అమ్మనడుగు అన్నాడు. తర్వాత నాగూరు అబ్రహాము గారి దగ్గరికెళ్ళి ఆ గదికి తాళం వెయ్యండి సార్ అని బతిమాలాడు. లోపల ఆడపిల్ల డ్యూటీలో ఉంటే బయట తాళం ఎలా వేస్తామండీ అని ఆయన ఎదురడిగాడు.

ఇక మిగిలింది కూతురే. గౌసియా కిటికీ దగ్గర నిలబడితే వీధిలో ఎవరున్నారా అని చూసేవాడు. నవ్వుకుంటే ఎందుకని అడిగేవాడు. ఆ పిల్ల దిళ్ళ గుట్టకి ఆనుకుని పుస్తకం చదువుకుంటుంటే, పేజీ తిప్పిన చప్పుడు కూడా అతనికి గుసగుసలాగే వినిపించేది.

గౌసియా ఇంటరు పాసైన ఏడు రైల్వే పరీక్షకి పిలుపొచ్చింది, సికింద్రాబాదులో. తల్లీకూతుళ్ళు పొద్దున బండికి వెళ్ళాలి, అక్కడ మేనమామ స్టేషనుకొస్తాడు. ఈ పరీక్ష తప్పితే చదువు మానేసి గుంటూరులో మేనత్త దగ్గర కుట్టుపనికి వెళ్ళాలని ముందే మాటైపోయింది. అందుకే ఆ పిల్ల వారం రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. నాగూరికీ తిండి దిగలేదు, కారణం వేరు. పరీక్ష రాస్తే ఉద్యోగం. ఉద్యోగమొస్తే ఆ గది. ఆ గదిలో వాడు. అసలు బండే ఎక్కకపోతే?

మస్తాన్‌బీ ఎదుట నిలబడి వద్దనే గుండె అతనికి లేదు. ముందురోజు సాయంత్రం వాళ్ళిద్దరూ పెరట్లో బట్టలు తీస్తుంటే, స్టూలెక్కి గోడ గడియారం అరగంట వెనక్కి తిప్పాడు. కొండపల్లిలో గడియారం తప్పినా గొంతు తప్పదు కాబట్టి దానికీ మందు ఆలోచించి పెట్టాడు. హాస్టలు పరుపుల ఆర్డరుందని చెప్పి, తెల్లారగానే మిషను వేశాడు. ఆ మిషను తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు.

వంటింట్లో మస్తాన్‌బీ నింపాదిగా పులిహోర కలుపుతోంది. గౌసియా రెండోసారి జడ వేసుకుంటోంది. ఇద్దరూ గడియారం చూస్తున్నారు, తొందర పడటం లేదు. నాగూరు అది చూశాడు. అయినా మిషను ఆపలేదు. తన కూతురి కోసమే ఈ పని చేస్తున్నానని పైకే అనుకున్నాడు. మిషను చప్పుడులో అతని మాట అతనికే వినపడలేదు.

కరెంటు పోయింది.

మిషను మూలిగి ఆగింది. దూది గాల్లోంచి నెమ్మదిగా కిందికి దిగుతోంది. స్టేషన్లో గొంతుకి కరెంటుతో పనిలేదు. అప్పటికే చెప్పాల్సింది చెప్పేసింది, మైకు మాత్రం మామూలుగానే ఆపలేదు. కొట్టులో ఉన్న నాగూరికి స్పష్టంగా వినిపించింది:

"ఇన్ని మెట్లు ఎందుకెక్కి వస్తావు నాన్నా? మోకాళ్ళ నొప్పులని రాత్రంతా మూలుగుతావు. ఫ్లాస్కు పోర్టరు చేత పంపిస్తే సరిపోదా?"

నాగూరు మిషను పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఎవడి కాళ్ళు విరగ్గొట్టాలని తిరిగాడో ఆ కాళ్ళు తనవే. ఆ పెదవి విప్పని దొంగ తనే. సిగ్గుతో చితికిపోయాడు. ఆ వెంటనే బండి గుర్తొచ్చింది.

లోపలికి పరుగెత్తి సంచీ అందుకుని, పదండి, బండి టైమైపోయింది అన్నాడు. ఇంకా అరగంటుంది కదా అని మస్తాన్‌బీ గోడకేసి చూపించింది.

"ఆ గడియారం ఆగిపోయింది" అన్నాడు.

గౌసియా గడియారం వైపు ఒకసారి చూసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. పులిహోర గిన్నెకి మూత కూడా దొరకలేదు. సంచీ నెత్తిన పెట్టుకుని నాగూరు ముందు, వెనకాల తల్లీకూతుళ్ళు, రెండు వీధులూ పరుగే పరుగు. వీళ్ళు ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి కూత వేసింది. గార్డు పచ్చజెండా తీశాడు. అబ్రహాము గారు చెయ్యెత్తి గార్డుని ఒక్క నిమిషం ఆగమన్నాడు. నాగూరు భార్యని ఎక్కించి, కూతుర్ని ఎక్కించి, సంచీ కిటికీలోంచి అందించాడు.

బండి కదులుతుంటే గౌసియా ఊచల్లోంచి అతని చెయ్యి పట్టుకుంది. మస్తాన్‌బీకి వినపడకుండా అంది:

"ముల్లు తిరుగుతూనే ఉంది నాన్నా. నేను చూశాను."

ఆ చెయ్యి జారిపోయింది, కిటికీ వెళ్ళిపోయింది, చివరి పెట్టె కూడా వెళ్ళిపోయింది. జనం పల్చబడ్డారు. క్షమించమని అడగడానికి ఎదురుగా ఉత్త పట్టాలు మిగిలాయి. అతను తలవంచుకుని ఏడ్చాడు, ఎవరు చూస్తారోనన్న అనుమానం కూడా లేకుండా.

పైన స్పీకరు సికింద్రాబాదు బండి బయలుదేరినదని చెప్పింది. చెప్పి, ఎప్పట్లాగే, ఆపడం మర్చిపోయింది.

"ఇంకా దాన్నే తలుచుకుంటున్నావా నాన్నా? నేనెప్పుడో మర్చిపోయాను. టీ చల్లారిపోతోంది, ముందు కూర్చో."

నాగూరు కళ్ళు తుడుచుకుని, అక్కడే ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు.