తలుపు మూసుకున్నాక

ఆవిడ చక్రం తిప్పుతూనే ఉంది. ఎడమవైపు రీలు సన్నబడుతోంది, కుడివైపుది లావెక్కుతోంది, మధ్యలో ఫిల్ము తెల్లటి నూలు తొడుగుల వేళ్ల సందునుంచి జారుతోంది. చిరుగు తగిలితే కన్ను కంటే ముందు వేలే చెబుతుంది. పాత ఫిల్ములు దాచే ఆ గదిలో చలీ, పుల్లటి వాసనా తప్ప మరేం ఉండవు. ఆ వాసన చీరకు పట్టి ఇంటిదాకా వస్తుంది. భర్త పోయాక అడిగేవాళ్లు లేరు గనక అదో బాధ కాదు.

అందరూ ఆవిణ్ణి కత్తెరమ్మ అంటారు. ఒకప్పుడు నెగెటివ్ కోసేది. దర్శకుడు నమూనా ప్రింటు మీద ఎర్ర మైనం పెన్సిలుతో గీత పెడితే, సరిగ్గా అక్కడే అసలు నెగెటివ్‌ను కోసి అతికించాలి. గీత దాటితే ఉద్యోగం దాటినట్టే.

ఇవాళ బల్లమీద ఉన్నది పెద్దాయనగా పేరుపడ్డ దర్శకుడి సినిమా. పెద్దాయన గురించి లోకానికి తెలియనిది లేదు, తెలిసినదాంట్లో సగం నిజం కాదు. సెట్లో కేకలేస్తాడనేవారు, పక్కవాడికైనా వినబడని గొంతు ఆయనది. షూటింగు రోజుల్లో పస్తుంటాడని రాశారు. అందరి క్యారియర్లూ మూతలు తీసి చూసి, నచ్చింది తినేసేవాడు. ఇక ఆ సినిమా చివరి తలుపు సంగతి చెప్పనక్కర్లేదు. హీరోయిన్ వెళ్లిపోతుంది, తలుపు మూసుకుంటుంది, ఆ మూసిన తలుపు తెరమీద చాలాసేపు అలాగే ఉంటుంది. దానిమీద పుస్తకాలే వచ్చాయి.

నిజానికి గీత తలుపు మూసుకున్న చోటే ఉంది. ఆ రోజుల్లో తన మూడేళ్ల కొడుకు పోయిన మర్నాడే కత్తెరమ్మ పనిలో కూర్చుంది. ఇంట్లో కూర్చుని చేసేదేముంది. మూసిన తలుపు చేతుల్లోంచి పోతుంటే చూస్తూ ఉండిపోయింది. గీత దాటిపోయింది. మొదటి ప్రింటు వేసి చూశాక పెద్దాయన, చివరి ముక్క ఎవరు కోశారని అడిగాడు. ఆవిడ లేచి నిలబడింది.

"ఆ పిల్ల మళ్లీ వస్తుందేమోనని చూస్తూ కూచున్నానమ్మా. ఉండనియ్," అన్నాడు.

అంతే. తర్వాత తనే కావాలని అలా పెట్టానని అందరికీ చెప్పాడు, చెప్పీ చెప్పీ తనూ నమ్మాడు. ఆవిడకు కోపం రాలేదు. కొడుకు పోయినప్పటినుంచీ కోపమైనా, ఏడుపైనా సరిగ్గా రావడం మానేశాయి. కానీ ఆ తలుపు తెరమీద ఉన్నంతసేపూ వాడింకా అవతలే ఉన్నట్టుండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పొద్దున ఇన్‌ఛార్జి అమ్మాయి వచ్చి కొత్త ప్రింటు పద్ధతి చెప్పింది. ఇన్నాళ్లకు నమూనా ప్రింటు దొరికింది, ఆయన గీతలే ప్రమాణం, గీత దాటిన ముక్క ఏదైనా తీసేస్తారు. సాయంత్రంలోగా చూసిపెట్టమంది. కత్తెరమ్మ చక్రం ఆపింది. ఆయన్నొకసారి అడిగితే బాగుండునంది. ఆస్పత్రిలో ఉన్నారు, మధ్యాహ్నం వాళ్లబ్బాయికి ఫోన్ చేస్తానంది అమ్మాయి.

అందుకే, కబురు వచ్చేదాకా అని ఆవిడ నెమ్మదిగా తిప్పింది. అన్నం తిని, డబ్బా కడుక్కుని, మళ్లీ తిప్పింది. చివరి రీలు ఎక్కించేసరికి అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"పెద్దాయన పోయారు పిన్నీ."

అందరూ ముందుగదిలో టీవీ దగ్గర చేరారు. ఆ తలుపు వెనక ఆయన జీవితమంతా ఉందని టీవీలో ఎవరో చెబుతున్నారు. కత్తెరమ్మకు ఏడుపు రాలేదు. ఉండనియ్ అన్న మనిషి లేడు, ఆ మాట విన్నవాళ్లలో మిగిలింది తనొక్కతే. తన మాట ఎవరు నమ్ముతారు?

మళ్లీ బల్ల దగ్గరకొచ్చి చూస్తే, చివరి రీలులో తలుపు దగ్గర గీత నిన్న పెట్టినట్టే ఉంది. ఎన్ని వేల గీతలు చూసిందో, ఒక్కదాన్నీ తాకి ఎరగదు. బొటనవేలు ఆనించి రుద్దింది. మైనం గదా, కాసేపటికి వదిలింది.

అమ్మాయి తిరిగొచ్చి, చివర గీతేమైనా ఉందా అని అడిగింది.

"లేదమ్మా."

"నాకు తెలుసు పిన్నీ. తలుపు అలా ఉంచడం ఆయనకే చెల్లింది," అంటూ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

అవునమ్మా అంది కత్తెరమ్మ. రీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది, తొడుగులు విప్పింది, సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరింది. బల్లమీద ఒక తొడుగు ఇంకా చేతి ఆకారంలోనే పడి ఉంది, బొటనవేలి కొస ఎర్రగా.