గంటలో పోయిన గీతలు

నీళ్లు మరగకూడదు. వేలు ముంచితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. పెరట్లో కట్టెల పొయ్యి మీద ఆ వేడి కనిపెట్టడం ఈ ఇంట్లో నా పని. బడికి వెళ్లేలోగా మా ఆయన స్నానానికి ఒక బకెట్, కారుకు ఒక బకెట్.

కారు రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో హైదరాబాదు నుంచి వచ్చింది. దాని రంగు మీద కంటికి కనిపించని పూత ఒకటి ఉంది. సన్నటి గీత పడితే ఎండకో, వెచ్చటి నీళ్లకో ఆ పూత మెత్తబడి, గీత తనంతట తానే పూడుకుపోతుంది. రంగుదాకా దిగిన గీత మాత్రం పూడదు. ఇదంతా కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. మా ఆయన రాంబాబు దాన్ని నా చేతిలో పెట్టి, "టీచరమ్మవు గదా, చదివి మంచిగ చూస్కో," అన్నాడు. చదివాను. పొడి గుడ్డతో దుమ్ము దులపకూడదు. ముందు నీళ్లు పోసి ఇసుక పోనివ్వాలి. బట్టల సబ్బు తగలకూడదు. పిట్ట రెట్ట వేస్తే ఎండిపోకముందే తడిపి తీయాలి. తుడవడానికి మెత్తటి నూలుగుడ్డ కావాలి. నా పాత చీరల్లో బాగా నలిగినవి ఏరి చింపాను. ఇప్పటికి ఆ కారు నేను ఎక్కింది నాలుగుసార్లు.

అది వచ్చిన వారానికి అమ్మ వచ్చింది. ములకలపల్లి అవతల అడవి అంచున మా ఊరు. రెండు బస్సులు మారి, కొంగున పసుపు కట్టుకుని భద్రాచలం వచ్చింది. కొత్త బండికి పసుపు పెట్టకపోతే ఎట్లా అని, తడిపిన పసుపుతో డ్రైవరు వైపు తలుపు మీద రెండు అరచేతులూ అద్దింది. అల్లుడు ముఖం చిట్లించడం చూసినట్టుంది. మర్నాడు పొద్దున నేను వంటలో ఉండగా పెరటి పొయ్యిలోంచి ఇంత బూడిద తీసి, కొబ్బరి పీచుతో, ఇత్తడి బిందె తోమినట్టు ఆ తలుపు తోమేసింది.

"సూడు బిడ్డా, అద్దం లెక్క చేసిన," అంది నన్ను పిలిచి.

తలుపు నిండా సన్నటి గీతలు, చుట్టలు చుట్టలుగా. రాంబాబు అమ్మను ఏమీ అనలేదు. నావైపు తిరిగి, "మీ అమ్మకు బండేదో బిందేదో తెల్వదా?" అన్నాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. నాకు ఆయన మీద కోపం రావలసింది. అమ్మ మీద వచ్చింది.

"నిన్నెవరు ముట్టమన్నరే? అడివిల బతికేదానివి, నీకేం తెల్సని ముట్టినవ్?"

పదహారేళ్లుగా అడవి ఊళ్ల పిల్లలకు పాఠం చెబుతున్న నోరు అది. మా బడి పిల్లలను ఎవరైనా ఆ మాట అంటే నేను ఊరుకోను.

అమ్మ బూడిద చేతులు వెనక్కి దాచుకుంది. "తెల్వక చేసిన బిడ్డా," అంది. అన్నం తినకుండా తొమ్మిది గంటల బస్సు ఎక్కింది. నేను ఆపలేదు. పుస్తకంలో చెప్పినట్టు తలుపు మీద వెచ్చటి నీళ్లు పోసి, కారును ఎండలో పెట్టించాను. గంటకల్లా ఒక్క గీత లేదు.

అమ్మ ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోన్ ఉంది. నంబరు నా దగ్గర ఉంది. రేపు చెబుదాం అనుకున్నాను. గీతలు పోయాయని చెప్పాలంటే నేను విసిరిన మాట కూడా ఎత్తవలసి వస్తుంది. అమ్మ ఈసారి వచ్చినప్పుడు తలుపు చూపిస్తే సరిపోతుంది అనుకున్నాను. అమ్మ మళ్లీ రాలేదు. వానల్లో జ్వరం తగిలి, దవాఖానాకు తీసుకెళ్లేలోపే పోయింది.

అమ్మ దినం నాడు మా అన్న భార్య చిన్నక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"పానం పోయేదాక అదే రంది నిర్మలా. భద్రాచలం నుంచి ఎవరొచ్చినా, మా బిడ్డ బండి మీది గీతలు పోయినయా అని అడిగేది. అల్లుడు దాన్ని ఏమంటుండో అనేది. పోయి సూసి రారాదు అత్తా అంటే, అది పిలిస్తే పోత అనేది. ఇంతకు పోయినయా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నా ముఖం చూశారు.

"కొంచెం కొంచెం పోతున్నయ్ వదినా," అన్నాను.

పోయిన అమ్మ మీద తప్పు అలాగే ఉంచి, నా తప్పు దాచుకున్నాను. ఆ మాట అని నేటికి ఇరవై రోజులు.

"నిర్మలా, నీళ్లు కాగినయా? బస్టాండు కాడ ఎవడో బండికి గీత పెట్టిండు. జల్దీ తే," ఇవాళ పొద్దున వాకిట్లోంచి రాంబాబు కేక.

వేలు ముంచి చూశాను. సరైన వేడే. ఆ బకెట్ స్నానాల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నాను. ఎన్నాళ్ల తర్వాతో వేడినీళ్లతో తలస్నానం చేశాను. బడికి సెలవు చీటీ రాసి పక్కింటి అమ్మాయి చేతికిచ్చి, చెప్పులు తొడుక్కున్నాను.

"ఏంది, ఏడికి పోతున్నవ్? నా నీళ్లేవి?"

"పొయ్యిలో నిప్పుంది. పుస్తకం అలమార్లో ఉంది. చదివి కడుక్కోండి."

మధ్యాహ్నానికి ఊరు చేరాను. మా అన్న ఇంటి వసారాలో చిన్నక్క, మరో నలుగురు ఆడవాళ్లు మక్కకంకులు ఒలుస్తున్నారు. "గిట్ల చెప్పకుంట వచ్చినవేంది? కూసో," అని చిన్నక్క చాప జరిపింది.

నేను కూర్చోలేదు.

"వదినా, ఆ గీతలు ఆ దినమే పోయినయ్. అమ్మ బస్సు ఇంకా పాల్వంచ దాటకముందే పోయినయ్. నేనే చెప్పలేదు."