బస్‌స్టాపు చెత్తబుట్ట

ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చేతికొచ్చిన పదిహేనేళ్ల సర్వీసు డబ్బంతా డోక్-హ్వాన్ ఒక పాత ఫుడ్ ట్రక్కుకి అడ్వాన్సుగా కట్టబోతున్నాడు. మధ్యాహ్నం పన్నెండులోగా కట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు దాని యజమాని.

పొద్దున్నే అక్క సున్-యేని వెంటబెట్టుకుని, ఇంచియాన్‌లో కంపెనీ బస్సులు ఆగే చోటికి వచ్చి నోట్‌బుక్ తెరిచాడు. గుడ్డు, క్యాబేజీ పెట్టిన టోస్టు నాలుగు వేల వొన్‌లు. ఒక్కోదానికి సరుకులు పదిహేను వందలు. గ్యాసు, స్థలం అద్దె, ట్రక్కు వాయిదా కలిపి రోజుకి తొంభై వేలు. ముప్ఫై ఆరు అమ్మితే చేతినుంచి పడదు. అరవై అమ్మితే ఇల్లు గడుస్తుంది.

"ఆ అరవై ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది అక్క. పద్దెనిమిదేళ్లుగా సంతలో కూరల కొట్టు నడుపుతున్న మనిషి ఆమె.

అతను స్టాపు పక్కనున్న చెత్తబుట్ట చూపించాడు. నాలుగు రోజులుగా, బస్సులు వెళ్లాక అందులోని పొట్లాలు లెక్కపెడుతున్నాడట. ఏ రోజూ అరవైకి తగ్గలేదట. ఎక్కడో కొనుక్కొచ్చి ఇక్కడ తినేవాళ్లు, వేడివేడిగా ఇక్కడే దొరికితే కొనరా అని అతని ధీమా.

"నువ్వు చెత్త ఏరుతున్నావని తెలిస్తే అమ్మ మురిసిపోతుంది," అంటూ సున్-యే చేతి తొడుగు పాడవకుండా విప్పి, పైనున్న పొట్లం తీసింది. నాచురేకులో చుట్టి ముక్కలుగా కోసిన అన్నంలో రెండు ముక్కలు మాత్రమే తగ్గాయి. దాని కిందిది రొట్టె. అదీ సగం అలాగే ఉంది.

అంతలో బస్సు వచ్చింది. ఎక్కబోతున్న అమ్మాయిని, తిండితో ఎక్కకూడదని డ్రైవరు చేత్తో ఆపాడు. ఆమె చేతిలోని రొట్టెని బుట్టలో పడేసి ఎక్కింది.

"ఇవి తిన్నవి కావురా. పారేసినవి."

బస్సు రాకముందే తింటారని వాదించాడు డోక్-హ్వాన్. సున్-యే ఫోన్ తీసి తర్వాతి మూడు బస్సులకీ టైం చూసింది. జనం వచ్చి నిలబడ్డాక బస్సెక్కేదాకా నాలుగు నిమిషాలు. టోస్టు కాల్చడానికే మూడు. మిగిలిన నిమిషంలో మింగేయడానికి వాళ్లేమన్నా కొంగలా అని అడిగింది.

అతను స్టాపు ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్నిసార్లు తిరిగాడో. పదకొండున్నరకి యజమానే ఫోన్ చేశాడు. ఒక్కరోజు గడువు అడిగితే కుదరదన్నాడు.

"అయితే వాళ్లకే ఇచ్చేయండి," అన్నాడు డోక్-హ్వాన్. పెట్టేశాక మళ్లీ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాడు. అక్క వద్దనలేదు, చేయమనీ అనలేదు. కొట్టుకి బయల్దేరుతూ మాత్రం, "సాయంత్రం ఈ బస్సులు ఎన్నింటికి తిరిగొస్తాయిరా?" అంది.

అతనికి తెలియదు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ సాయంత్రం అతను స్టాపులోనే కూర్చుని ఉండగా, ఆరుంపావుకి మొదటి బస్సు వచ్చింది. దిగినవాళ్లలో ఎక్కువమంది తలవంచుకుని వెళ్లిపోయారు. ఏడుగురు మాత్రం కూల్‌డ్రింకుల మెషీన్ దగ్గర ఆగి, తాగుతూ కబుర్లలో పడ్డారు. డోక్-హ్వాన్ కొత్త పేజీలో ఏడు అని రాసుకున్నాడు. ఆగనివాళ్లని కూడా రాయాలని గుర్తొచ్చి, లేచి నిలబడి వాళ్ల వీపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.