తీర్మానంలో లేని గొలుసు

బుధవారం సాయంత్రం మా ముందుగదిలో సమావేశమైనవారు, ఉద్యోగ విరమణ తేదీల క్రమంలో: మొదటి కుర్చీలో నేను, దస్తావేజుల కార్యాలయంలో సూపరింటెండెంటుగా విరమించినవాణ్ణి, రెండవ కుర్చీలో, నా తరువాత రెండు నెలలకు ఖజానా నుండి విరమించిన మా బావమరిది, మూడవ కుర్చీలో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారు. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు మా ఆవిడ కూడా ఉన్నది గాని, దర్జీ పని నేటికీ విరమించలేదు గనుక ఆమె మా సంఘంలో సభ్యత్వానికి అనర్హురాలు.

మాది విశ్రాంత ఉద్యోగుల సైకిలు సంఘం. సభ్యులం పన్నెండుమందిమి, పైన చెప్పిన ముగ్గురం కార్యవర్గం. ప్రతి ఆదివారం ఉదయం విరమణ తేదీల క్రమంలో ఒకరి వెనుక ఒకరుగా నీటి ట్యాంకు మిట్ట ఎక్కుతాము. వెనుకవారు ముందువారిని దాటరాదు. అయితే మిట్ట మీద కాలు నేలకు ఆనించినవారి స్థానం వారి వెనుకవారికి సంక్రమిస్తుంది. ఈ నిబంధన రాసినవాణ్ణి నేనే. నాలుగేళ్లుగా మొదటి స్థానం నాదే గనుక, దాని కాఠిన్యం అప్పట్లో నాకు తెలియలేదు.

ఇప్పుడు తెలుస్తున్నది. నా సైకిలు గేర్ క్యాసెట్, అనగా వెనుక చక్రం ఇరుసుకు వరుసగా అమర్చిన తొమ్మిది పళ్లచక్రాల గుత్తి, బాగా అరిగిపోయింది. గట్టిగా తొక్కితే చాలు, గొలుసు పళ్ల మీద నుండి జారి, నా మోకాలు వెళ్లి హ్యాండిలుకు కొట్టుకునేది. గత రెండు ఆదివారాలు కాలు ఆనించక తప్పలేదు. రెండుసార్లూ సభ్యులు క్షమించారు. మూడవసారి క్షమించబోమని లిఖితపూర్వకంగా తెలియజేశారు.

"ఈ ఆదివారం నుంచి ముందు నేనే బావగారూ. నల్లకళ్లద్దాలు కూడా కొనుక్కున్నా," అన్నాడు మా బావమరిది.

"ఏమోయ్, సీటు ఖాళీ కాకముందే తువ్వాలు వేస్తున్నావా?"

"వేయడమేంటి, ఉతికి ఆరేసి కూడా పెట్టుకున్నా!"

సైకిలు దుకాణం నుండి నమూనాకు తెచ్చిన మూడు క్యాసెట్లు బల్ల మీద ఉన్నవి. ఇన్‌స్పెక్టరు గారు తన సొంత తక్కెడ తెరిచి, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కొక్కటిగా తూచారు. ఖరీదైనది రెండువందల ఇరవై గ్రాములు. మధ్యరకం మూడువందలు. అన్నిటికంటే చవకైనది మూడువందల డెబ్బై.

ముగ్గురం ముఖాలు చూసుకున్నాము.

"మళ్లీ తూచండి," అన్నాను.

"నా తక్కెడని తప్పుపట్టినవాడు ముప్పైరెండేళ్ల సర్వీసులో లేడండీ!" అంటూనే ఆయన మళ్లీ తూచారు. తేడా లేదు.

"ఇదెక్కడి వ్యాపారం? ఇనుము తగ్గేకొద్దీ ధర పెరుగుతుందా?" అన్నాడు మా బావమరిది.

"ఇంత పచ్చి తూకం మోసం నేనెప్పుడూ చూళ్లేదు. సర్వీసులో ఉంటే ఇప్పుడే కేసు రాసేవాణ్ణి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, ఖరీదైన క్యాసెట్‌ను ముద్దాయిని చూసినట్లు చూస్తూ.

మిక్కిలి బరువైనదియు మిక్కిలి చవకైనదియు అగు క్యాసెట్‌ను కొనవలెనని ఏకగ్రీవంగా తీర్మానించాము. నేను సంతకం చేయబోతుండగా కుట్టుమిషను ఆగింది.

"గొలుసు కూడా మార్చాలని రాయండి. నా మిషనుకి బెల్టు సాగిపోతే, చక్రం ఒక్కటే మార్పించి ఊరుకున్నారు. నెల్లాళ్లు ఒక్క జాకెట్టు కుట్టలేకపోయా. గుర్తుందా?" అన్నది మా ఆవిడ.

"సభ్యులు కానివారు ప్రతిపాదనలు చేయరాదు," అన్నాను.

"అలాగా? అయితే టీ పెడదామన్న ప్రతిపాదన కూడా ఉపసంహరించుకుంటున్నా."

"అక్కా, నేను సభ్యుణ్ణి! టీని నేను ప్రతిపాదిస్తా!" అని మా బావమరిది మొత్తుకున్నా మిషను మళ్లీ కదిలింది. సమావేశం టీ లేకుండానే ముగిసింది.

శుక్రవారం దుకాణానికి వెళ్లాను. మెకానిక్కు మధ్యవయస్కురాలు, చెవి వెనుక పెన్సిలు ఉండవలసిన చోట చిన్న స్పానరు పెట్టుకుంటుంది గనుక అందరూ స్పానరమ్మ అంటారు.

"మంచిదే ఎంచుకున్నారు సార్," అన్నది. "తేలికవి పందాలకెళ్లేవాళ్లకి. మనకి ఉక్కుదే మేలు, నాలుగు కాలాలు మన్నుతుంది. కానీ గొలుసు కూడా మార్చాలి."

"గొలుసు తీర్మానంలో లేదమ్మా."

"ఎందులో లేదు?"

తీర్మానం ప్రతి చూపించాను. ఆమె చేతుల గ్రీజు తుడుచుకుని, ఆసాంతం చదివి, తిరిగి ఇచ్చింది.

"చాలా బాగుంది సార్. కానీ మీ గొలుసు చదువుకోలేదు కదా! పాత పళ్లతో పాటు అదీ అరిగి సాగింది. కొత్త పళ్ల మీద కుదురుగా కూర్చోదు. గట్టిగా తొక్కారా, జారుతుంది."

"వచ్చే నెల మొదటి బుధవారం సమావేశంలో పెడతాను."

"అయితే అప్పటిదాకా మిట్టలెక్కకండి."

ఆమె క్యాసెట్ బిగించింది. ఇంటి వరకు చదును రోడ్డు. సైకిలు వెన్నలా నడిచింది. నిపుణుల మాటలు కొంత అతిశయోక్తితో కూడి ఉంటాయని నిశ్చయించుకున్నాను.

ఆదివారం ఉదయం పన్నెండుమందిమీ క్రమం తప్పకుండా బయలుదేరాము. మిట్టలో మొదటి మలుపు నిరాటంకంగా దాటాను. రెండవ మలుపు దగ్గర ఏటవాలు పెరిగింది. సీటు మీద నుండి లేచి బలంగా తొక్కాను. గొలుసు టకామని జారింది. మోకాలు హ్యాండిలుకు కొట్టుకున్నది. మరల తొక్కాను. మరల జారింది. పాత క్యాసెట్ రెండుసార్లకొకసారైనా కరుణించేది. కొత్తదానికి ఆ మొహమాటం కూడా లేదు.

సైకిలు దాదాపు ఆగిపోయింది. నా ఎడమ కాలు నేలకు జానెడు దూరంలో ఉండగా, వెన్ను మీద ఒక అరచేయి పడింది.

"కాలు దించకండి!"

మా బావమరిది ఎడమ చేత్తో తన హ్యాండిలు పట్టుకుని, కుడి చేత్తో నన్ను తోస్తున్నాడు. అతని ముందు చక్రం నా వెనుక చక్రం పక్కకు వచ్చినది గాని, దాటలేదు.

"చెయ్యి తీసేస్తే మొదటి స్థానం నీదేనోయ్," అన్నాను. న్యాయంగా ఆ సంగతి తెలియజేయడం నా ధర్మం.

"తెలుసండీ బాబూ! నొక్కకుండా మెల్లిగా తిప్పండి, గొలుసు జారదు. అబ్బా, క్యాసెట్టే అనుకున్నా, మీరు కూడా మిక్కిలి బరువైన రకమే!"

వెనుక నుండి గొణుగుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు గారు ఆయాసపడుతూనే తీర్పు చెప్పారు. "దాటకూడదని ఉంది గానీ తోయకూడదని ఎక్కడా లేదు! నోరు మూసుకుని తొక్కండి!"

కాలు నేలకు ఆనలేదు. పన్నెండుమందిమీ అదే క్రమంలో ట్యాంకు చేరాము. మా బావమరిది గట్టు మీద వెల్లకిలా పడుకున్నాడు. నల్లకళ్లద్దాలు ఒక చెవికి వేలాడుతున్నవి.

"ఎందుకు తోశావు?" అని అడిగాను.

"ముందుకెళ్తే నా ఎదురుగా ఏముంటుంది బావగారూ, రోడ్డు తప్ప? దాన్ని ఎంతసేపని వెక్కిరిస్తాం?"

ఆ గట్టు మీదనే అత్యవసర సమావేశం జరిపి, గొలుసు కొనుటకు తీర్మానించాము. ప్రతిపాదించినవారుగా, నిబంధన సడలించి, మా ఆవిడను నమోదు చేశాము. అనంతరం ఈ క్రింది విషయం నా స్వహస్తంతో రాసి, సభ్యులందరికీ చదివి వినిపించాను:

తనకు దక్కనున్న ప్రథమ స్థానమును తన కుడి అరచేతితోనే మిట్ట పైవరకు నెట్టి, దానిని నా వద్దనే ఉంచిన ద్వితీయ సభ్యుడు, నా బావమరిది, చేసిన ఉపకారమును ప్రథమ సభ్యుడనైన నేను కృతజ్ఞతతో అంగీకరించుచున్నాను.